పరిశోధన నుంచి కంపెనీ దాకా: విశ్వవిద్యాలయ ఆవిష్కర్తలకు తోడ్పడే విధానం

విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో పుట్టిన ఆవిష్కరణను అంకుర సంస్థగా మలిచే పనిలో అన్నిటికంటే సులువైనది కంపెనీని నమోదు చేయడం. కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వారి స్పైస్ ప్లస్ ఫారాన్ని ఆన్‌లైన్‌లో నింపి, డైరెక్టర్ల డిజిటల్ సంతకాలు జతచేస్తే, కాగితాలు సక్రమంగా ఉన్న పక్షంలో కొద్ది రోజుల్లోనే ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ ఏర్పడుతుంది. సులువు కాబట్టే చాలామంది దానితోనే మొదలుపెడతారు. ప్రారంభోత్సవం, పత్రికా ప్రకటన అయిపోయిన తరువాత, ఆ కంపెనీ తయారు చేయబోయే వస్తువు మీద హక్కు ఎవరిదో తేలలేదని, దాన్ని డబ్బిచ్చి కొనేవారెవరో ఎవరూ అడిగి చూడలేదని, ఆచార్యులవారికి డైరెక్టరుగా ఉండే అనుమతి ఇంకా రాలేదని ఒక్కొక్కటిగా బయటపడతాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల్లోని మేధోహక్కుల విభాగాల్లో, ఇన్‌క్యుబేటర్లలో (అంకుర సంస్థలను తొలిదశలో సాకే కేంద్రాల్లో), పరిశోధన డీన్ కార్యాలయాల్లో పనిచేసేవారిని దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం రాశాను. చేయవలసిన పనులు వారిలో చాలామందికి తెలిసినవే అయినా, అవి ఏ వరుసలో జరగాలన్న దగ్గరే పొరపాట్లు ఎక్కువ.

చర్చకు ఆధారంగా ఒక ఊహాత్మక ఉదాహరణను తీసుకుందాం. రసాయనశాస్త్ర విభాగంలో ఒక ఆచార్యురాలు, ఆమె దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న స్కాలరు కలిసి, వేరుశనగలో అఫ్లాటాక్సిన్‌ను పావుగంటలో పట్టిచ్చే పరీక్ష పట్టీని రూపొందించారనుకుందాం. అఫ్లాటాక్సిన్ అనేది ఆస్పర్‌జిల్లస్ జాతి బూజు వల్ల గింజల్లో చేరే విషం. దీర్ఘకాలం శరీరంలోకి చేరితే కాలేయ క్యాన్సరుకు దారితీయగలదు కాబట్టి చాలా దేశాలు ఆహారంలో దీనికి పరిమితులు విధించాయి.

ప్రచురణకు ముందే మొదటి సంభాషణ

ఆవిష్కర్త మీ కార్యాలయానికి వచ్చిన రోజున అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: ఈ సంగతి ఇప్పటివరకు ఎవరెవరికి, ఏ రూపంలో చెప్పారు? మన పేటెంట్ చట్టంలో, అమెరికాలో మాదిరిగా, ప్రచురించిన తరువాత దరఖాస్తు చేసుకోవడానికి ఏడాది పాటు సాధారణ వెసులుబాటు లేదు. ప్రభుత్వం గుర్తించిన ప్రదర్శనలకు, విద్వత్సభల్లో చదివిన పత్రాలకు 31వ సెక్షను కింద పన్నెండు నెలల మినహాయింపు ఉన్నా, అది చాలా ఇరుకైనది. దాని మీద భరోసా పెట్టుకుని పని మొదలుపెట్టకూడదు. పైగా మనదగ్గర బహిర్గతం కావడమనేది పత్రికలో వ్యాసం వచ్చినప్పుడే జరుగుతుందనుకోవడం పొరపాటు. సదస్సు సంచికలో అచ్చయిన సంగ్రహం, గోడకు అతికించిన పోస్టరు, అందరినీ రానిచ్చిన వైవా, విభాగం వారి యూట్యూబ్ వీడియో ఇవన్నీ కొత్తదనాన్ని దెబ్బతీయగలవు. అన్నిటికంటే ఎక్కువగా మరిచిపోయేది సిద్ధాంత గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారమైన శోధగంగను. యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం అక్కడికి చేరుతుంది. చేరాక ప్రపంచంలో ఎక్కడినుంచైనా చదవవచ్చు. అందువల్ల స్కాలరు సినాప్సిస్ (సిద్ధాంత గ్రంథపు సంక్షిప్త రూపం) సమర్పించే దశలోనే పరిశోధన విభాగం మీకు సమాచారం పంపే ఏర్పాటు ఒకటి ఉండాలి. అందుకు ప్రత్యేక విధాన పత్రమేదీ అక్కరలేదు, సినాప్సిస్ ఫారంలో ఒక గడి చేర్చితే చాలు.

ఈ విషయంలో పెద్దవారికే నష్టం జరిగింది. జన్యువులను కత్తిరించి అతికించే పద్ధతిని కనిపెట్టిన స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ తమ ఫలితాలను 1973లో ప్రచురించారు. అమెరికాలో ఏడాది వెసులుబాటు ముగియడానికి కొద్ది రోజుల ముందు, 1974 నవంబరులో, పేటెంట్ దరఖాస్తు పడింది. అమెరికాలో ఆ హక్కు 20 కోట్ల డాలర్లకు పైగా ఆదాయం తెచ్చింది, కాని మిగతా దేశాల్లో పేటెంట్ అవకాశం ప్రచురణతోనే పోయింది.

ఇంత చెప్పినా, ఆచార్యులను ప్రచురించవద్దనడం తప్పు. వారి పదోన్నతి, స్కాలరు భవిష్యత్తు రెండూ చాలావరకు ప్రచురణల మీదే ఆధారపడి ఉంటాయి, కాబట్టి ఆపమని చెప్పే కార్యాలయానికి రెండోసారి ఎవరూ రారు. ప్రొవిజనల్ దరఖాస్తు (తేదీని ఖాయం చేసుకునేందుకు ముందుగా వేసే తాత్కాలిక పేటెంట్ దరఖాస్తు) వేసి, మరునాడు వ్యాసం పంపుకోమని చెప్పండి. విద్యాసంస్థలకు 2021 నుంచి పేటెంట్ రుసుముల్లో 80 శాతం తగ్గింపు ఉంది. ఆన్‌లైన్‌లో దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు. అసలు ఖర్చు పేటెంట్ ఏజెంటు రాతకు అవుతుంది, అక్కడ పిసినారితనం పనికిరాదు. ఎందుకంటే ప్రొవిజనల్‌లో వివరించిన మేరకే ఆ తేదీ రక్షణ వర్తిస్తుంది. వ్యాసపు సంగ్రహాన్ని యథాతథంగా అతికించి దాఖలు చేసిన కాగితం తేదీని సంపాదిస్తుందే తప్ప హక్కును సంపాదించదు. మన ఉదాహరణలో పట్టీ మీద ప్రతిరక్షకాన్ని (విషాన్ని పట్టుకునే యాంటీబాడీని) నిలబెట్టిన పద్ధతి, గింజల పొడి నుంచి విషాన్ని బయటకు లాగే ద్రావణపు పాళ్లు, పనిచేసే ఉష్ణోగ్రతల హద్దులు అన్నీ అందులో ఉండాలి. పరిశోధనలో మన దేశపు జీవ వనరులు, ఉదాహరణకు అనంతపురం చేలలోంచి వేరుచేసిన బూజు రకాలు, వాడినట్లయితే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నిబంధనలను కూడా అప్పుడే చూసుకోవాలి.

ప్రొవిజనల్ దరఖాస్తు వేసిన రోజు నుంచి గడియారం నడుస్తుంది. పన్నెండు నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ సమగ్ర వివరణ, కోరే హక్కుల హద్దులు) వేయకపోతే దరఖాస్తును వదులుకున్నట్టే లెక్క. విదేశాల్లో హక్కు కావాలనుకుంటే ఆ పన్నెండు నెలల్లోనే పీసీటీ దరఖాస్తు (అనేక దేశాలకు కలిపి వేసే అంతర్జాతీయ పేటెంట్ దరఖాస్తు) పడాలి. తరువాత మొదటి తేదీ నుంచి 30 లేదా 31 నెలలకు దేశాలవారీగా ఖర్చు పెట్టవలసి వస్తుంది. ఒక్కో దేశానికి లక్షల్లో అయ్యే ఆ ఖర్చును విశ్వవిద్యాలయాలు సాధారణంగా భరించలేవు. కాబట్టి ఆ 30 నెలలే మీ అసలు గడువు: ఆలోగా భారాన్ని మోసే కంపెనీయో లైసెన్సుదారో దొరకాలి, లేదా విదేశీ హక్కులను వదులుకుంటున్నామని బుద్ధిపూర్వకంగా నిర్ణయించి ఫైలులో రాసుకోవాలి.

హక్కు ఎవరిది

అమెరికాలో ప్రభుత్వ నిధులతో జరిగిన పరిశోధనల హక్కులను విశ్వవిద్యాలయాలే ఉంచుకునేందుకు 1980లో బే-డోల్ చట్టం వచ్చింది. మనదగ్గర అలాంటి బిల్లును 2008లో రాజ్యసభలో ప్రవేశపెట్టినా అది చట్టం కాలేదు. పేటెంట్ చట్టం కూడా ఉద్యోగి ఆవిష్కరణ యజమానికే చెందుతుందని ఎక్కడా చెప్పదు. అంటే హక్కు ఎవరిదన్నది నియామక షరతులు, విశ్వవిద్యాలయ మేధోహక్కుల విధానం, గ్రాంటు ఇచ్చిన సంస్థ షరతులు, విడివిడిగా రాసుకున్న ఒప్పందాలు కలిపి తేల్చవలసిన సంగతి. తెల్లకాగితం మీద మూడు నిలువు గళ్లు గీసి, ఆవిష్కరణకు నిజంగా బుద్ధిని జోడించినవారు, డబ్బు ఇచ్చినవారు, పరికరాలో నమూనాలో ఇచ్చినవారు ఎవరెవరో విడివిడిగా రాయండి. విభాగాధిపతి పేరును గౌరవార్థం ఆవిష్కర్తల జాబితాలో చేర్చే అలవాటు మనకు ఉంది. పరిశోధన వ్యాసంలో అది మర్యాదగా చెల్లిపోవచ్చేమో గాని, పేటెంట్‌లో అసత్య ప్రకటన అవుతుంది.

అన్నిటికంటే జాగ్రత్త పడవలసింది స్కాలరు విషయంలో. ఫెలోషిప్ మీద చదువుకునే విద్యార్థి ఉద్యోగి కాదు. నియామక పత్రమే లేనప్పుడు దానిలోని షరతులు అతనికి వర్తించే ప్రశ్నే లేదు. అతని సంతకంతో హక్కు బదలాయింపు పత్రం తీసుకోకుండా దరఖాస్తు వేసి, రెండేళ్ల తరువాత అతను విదేశంలో పోస్ట్‌డాక్ చేస్తున్నప్పుడు ఆ సంతకం కోసం ఈమెయిళ్లు పంపుకోవడం మన కార్యాలయాల్లో తరచూ కనిపించే దృశ్యమే. అయితే సంతకం అడిగేటప్పుడు రాబడిలో అతనికి వచ్చే భాగం ఎంతో అదే కాగితం మీద ఉండాలి. వాటా సంగతి చెప్పకుండా హక్కు రాయించుకోవడం అన్యాయం, పైగా రేపు కంపెనీని నడపవలసినవాడు తరచుగా అతనే.

కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ (అప్పటి మానవ వనరుల అభివృద్ధి శాఖ) 2019లో విడుదల చేసిన జాతీయ ఆవిష్కరణల, స్టార్టప్ విధానం, సంస్థ నిధులూ వసతులూ గణనీయంగా వాడినప్పుడు హక్కు ఆవిష్కర్తలకూ సంస్థకూ ఉమ్మడిగా ఉండాలని సూచిస్తుంది. న్యాయంగానే ఉంది గాని, ఉమ్మడి హక్కులో ఒక మెలిక ఉంది. పేటెంట్ చట్టం 50వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేనట్లయితే, ఉమ్మడి హక్కుదారుల్లో ఎవరైనా మిగిలినవారి సమ్మతి లేకుండా లైసెన్సు ఇవ్వలేరు, తమ భాగాన్ని అమ్మలేరు. నలుగురు హక్కుదారుల్లో ఒకరు అలిగితే కంపెనీ ఆగిపోతుంది. ఉమ్మడిగానే ఉంచదలిస్తే, లైసెన్సు సంప్రదింపులు జరిపే అధికారాన్ని విశ్వవిద్యాలయానికో దాని ఇన్‌క్యుబేటరుకో అప్పగిస్తూ ముందే ఒప్పందం రాసుకోవాలి.

ఎవరు డబ్బిస్తారు

ఇక్కడ తొందరపడకూడదు. ఆవిష్కర్తను వెంటబెట్టుకుని ప్రయోగశాల దాటి బయటికి వెళ్లడం మీ కార్యాలయం చేయగల అత్యంత విలువైన సహాయం. మార్కెట్ నివేదికలు కొని స్లైడ్లలో అతికించడం దానికి సాటి రాదు.

మన పరీక్ష పట్టీనే చూడండి. ఆచార్యురాలి ఊహలో దాన్ని కొనేవాడు రైతు. గద్వాల, వనపర్తి మార్కెట్ యార్డుల్లో ఒక పూట నిలబడితే ఆ ఊహ నిలవదు. గింజ బరువు, తేమ, పప్పు శాతం చూసి ధర కడుతున్నచోట విషం లేదని నిరూపించుకున్న రైతుకు అదనంగా రూపాయి రాదు. ఉందని తేలితే నష్టం మాత్రం అతనిదే. తన సరుకులో తప్పు పట్టే వస్తువును సొంత డబ్బుతో ఎవరు కొంటారు? ఎగుమతిదారు పరిస్థితి వేరు. నేరుగా తినే వేరుశనగలో మొత్తం అఫ్లాటాక్సిన్ కిలోకు 4 మైక్రోగ్రాములు దాటకూడదని ఐరోపా సమాఖ్య నియమం. అక్కడి రేవులో కంటెయినర్ తిరస్కరణకు గురైతే సరుకు, రవాణా, పరపతి మూడూ పోతాయి. కాబట్టి డబ్బిచ్చేవాడు పప్పు ఆడించే మిల్లరు, ఎగుమతిదారు, పల్లీపట్టీలూ పీనట్ బటరూ చేసే కంపెనీ. వారికి ఇప్పుడు ఉన్న ప్రత్యామ్నాయాలేమిటి, ప్రయోగశాల నివేదికకు ఎన్ని రోజులు పడుతుంది, ఒక్కో నమూనాకు ఎంత చెల్లిస్తున్నారు అని అడగాలి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఎప్పుడో చవకైన ఎలైజా పరీక్షను (ప్రతిరక్షకాలతో విషాన్ని కొలిచే ప్రయోగశాల పరీక్షను) రూపొందించిందని, దిగుమతి పట్టీలూ దొరుకుతున్నాయని అప్పుడు తెలుస్తుంది. దాంతో, చవక అన్న ఒక్క మాట మీద వ్యాపారం నిలబడదని కూడా తెలుస్తుంది.

మిల్లులో నిలబడి చూస్తే మరో సంగతి బోధపడుతుంది. ఈ విషం బస్తా అంతటా సమానంగా పరుచుకుని ఉండదు. బూజు బాగా పట్టిన కొద్ది గింజల్లోనే చాలావరకు పేరుకుని ఉంటుంది. పిడికెడు గింజలు తీసి పరీక్షిస్తే ఆ కొద్ది గింజలు చేతిలో పడవచ్చు, పడకపోవచ్చు. అంటే ఫలితంలో పెద్ద తేడాలు పట్టీ వల్ల కంటే నమూనా తీసే తీరు వల్లే వస్తాయి. సరైన ఫలితం కావాలంటే లాటులో చాలాచోట్ల నుంచి కిలోల కొద్దీ గింజలు తీసి, మెత్తగా పొడిచేసి, బాగా కలిపి, అందులోంచి కొంత తీసుకుని, మిథనాల్ కలిపిన నీళ్లలో ఊపి, వడకట్టాలి. ఆ దుమ్ములో, ఆ వేడిలో మిథనాల్ డబ్బా పట్టుకుని ఈ పని చేసేదెవరు? బహుశా అమ్మవలసింది పట్టీని కాదేమో. నమూనా తీయడం నుంచి ఫలితం రాసివ్వడం దాకా చేసిపెట్టే సేవనో, పొడిచేసి వడకట్టే చిన్న యంత్రాన్నో. ఇలాంటి ఎరుక వల్ల పూర్తి స్పెసిఫికేషన్‌లో రాయవలసిన అంశాలే మారిపోతాయి. అందుకే ఈ తిరుగుడంతా ఆ పన్నెండు నెలల్లోనే జరగాలి.

కంపెనీయా, లైసెన్సా

అన్ని ఆవిష్కరణలూ కంపెనీకి తగవు. ఇప్పటికే పరీక్ష కిట్లు అమ్ముతున్న సంస్థకు మన పట్టీ ఒక అదనపు వస్తువు మాత్రమే అయితే, వారికి లైసెన్సు ఇచ్చి రాయల్టీ తీసుకోవడం ఆచార్యురాలికీ విశ్వవిద్యాలయానికీ మేలు. అనేక వస్తువులకు దారితీసే పునాది పరిజ్ఞానమై ఉండి, దాన్ని అందుకునే పాత కంపెనీ ఏదీ లేనప్పుడు, పూర్తికాలం దానికే అంకితమయ్యే మనిషి ఉన్నప్పుడు మాత్రమే కొత్త సంస్థ పెట్టాలి. ర్యాంకింగుల కోసం స్టార్టప్‌ల సంఖ్య చూపించాలన్న ఒత్తిడి విశ్వవిద్యాలయాల మీద ఉన్నమాట నిజమే. ఆ లెక్క కోసం పుట్టిన కంపెనీలు వార్షిక రిటర్నులు కూడా వేయక జరిమానాల పాలవుతున్నాయి, ఆ జరిమానాలు కట్టవలసి వచ్చేది డైరెక్టర్లుగా సంతకం చేసిన విద్యార్థులు.

మనుషులు, వాటాలు

ఆచార్యులు కంపెనీకి ముఖ్య కార్యనిర్వాహకులు కానక్కరలేదు. నా అభిప్రాయంలో సాధారణంగా కాకూడదు కూడా. వారి శక్తి పరిశోధనలో ఉంది. జీతాలు, జీఎస్టీ, బాకీ వసూళ్లు వేరే మనిషి పని. చెన్నైలోని రాకెట్ల తయారీ సంస్థ అగ్నికుల్ కాస్మోస్ 2017లో మొదలైనప్పటి నుంచి ఐఐటీ మద్రాసు ఆచార్యులు సత్యనారాయణన్ చక్రవర్తి ఆచార్య పదవిలో ఉంటూనే దానికి అండగా నిలిచారు. సంస్థను నడిపింది శ్రీనాథ్ రవిచంద్రన్, మోయిన్. ఆ సంస్థ తొలి రాకెట్ శ్రీహరికోట నుంచి ఎగిరింది 2024 మే 30న. ఏడేళ్ల ఆ విరామాన్ని ఆవిష్కర్తల కుటుంబాలకు కూడా ముందే చెప్పడం మంచిది. హైదరాబాదు టీకాల సంస్థ శాంతా బయోటెక్నిక్స్‌ను 1993లో స్థాపించిన వరప్రసాద రెడ్డి జీవశాస్త్రవేత్త కారు, ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలోను, తరువాత కణ, అణు జీవశాస్త్ర కేంద్రమైన సీసీఎంబీలోను చోటు సంపాదించి, శాస్త్రవేత్తలను కూడగట్టి, 1997లో హెపటైటిస్ బి టీకాను మార్కెట్‌లోకి తెచ్చారు. వ్యాపారం తెలిసిన బయటి మనిషిని శాస్త్రవేత్తతో కలపడం మీ కార్యాలయం పనే. పూర్వ విద్యార్థుల జాబితా అందుకు మంచి ఆధారం.

వాటాల మాట మొహమాటంతో వాయిదా వేయకూడదు. స్కాలరు పూర్తికాలం పనిచేస్తూ, ఆచార్యురాలు వారానికి కొన్ని గంటలు సలహా ఇస్తూ ఉంటే చెరిసగం పంచుకోవడం గురుభక్తి అనిపించుకుంటుందేమో గాని రేపు పెట్టుబడిదారుణ్ని వెనక్కి నెడుతుంది. వాటా మొదటి రోజే చేతికి రాకుండా, నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా, మొదటి ఏడాది నిండాకే దక్కేలా రాసుకోవాలి. మధ్యలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయినవారి పేరు మీద కంపెనీలో మూడో వంతు ఉండిపోయే ప్రమాదం దీనితో తప్పుతుంది. గురువుగారి ఎదుట స్కాలరు నోరు విప్పడు కాబట్టి ఈ సంభాషణను ఇద్దరితో విడివిడిగా జరిపి, ఆ తరువాతే కలిపి కూర్చోబెట్టండి.

అధ్యాపకుల అనుమతి విషయం సూటిగానే ఉంటుంది: ప్రవర్తనా నియమావళి ప్రకారం ముందస్తు లిఖిత అనుమతి తీసుకోవాలి, కంపెనీ నమోదు దానికి ముందు జరగకూడదు. 2019 విధానం సెమిస్టరు లేదా ఏడాది సెలవును అనుమతించమంటుంది. సంస్థ పరిశోధన సిబ్బందిని కంపెనీ పనికి వాడుకోవద్దని, రెండింటి పరిశోధనను వేరుగా ఉంచాలని కూడా చెబుతుంది. స్కాలరు డిగ్రీ మీద అధికారం ఉన్న గైడే అతని కంపెనీలో వాటాదారు అయినప్పుడు, పరిశోధన పర్యవేక్షణకు మరొక సహ గైడును నియమించడం అందరికీ క్షేమం. ఆ విధానం మార్గదర్శకం మాత్రమే. మీ పాలక మండలి దాన్ని ఆమోదించిందో లేదో ముందు చూసుకోండి.

లైసెన్సు ఒప్పందం

పేటెంట్‌ను కొత్త కంపెనీకి రాసిచ్చేయకుండా లైసెన్సుగా ఇవ్వడం మేలు. కంపెనీ మూతపడితే రాసిచ్చిన పేటెంట్ అప్పులవాళ్ల పాలవుతుంది. ప్రత్యేక హక్కు ఇచ్చినా ఏ రంగానికి, ఏ ప్రాంతానికి అన్నది స్పష్టంగా రాయాలి: వేరుశనగకు ఇచ్చిన లైసెన్సు మిర్చికీ పాలకూ వర్తించనవసరం లేదు. ఎన్ని నెలల్లో నమూనా వస్తువు, ఎన్ని నెలల్లో మొదటి అమ్మకం అన్న మజిలీలు పెట్టి, దాటకపోతే హక్కు వెనక్కి వచ్చే షరతు ఉంచాలి. ఒప్పందం లిఖితపూర్వకంగా ఉండి, పేటెంట్ కార్యాలయంలో నమోదు కావాలి.

ఎంత అడగాలన్నది తరచూ జగడమయ్యే చోటు. 2019 విధానం ప్రకారం రాయల్టీ అయితే అమ్మకపు ధరలో 4 శాతానికి మించకూడదు, 1 నుంచి 2 అయితే మరీ మంచిది. వసతులూ మార్గదర్శనమూ ఇచ్చినందుకు కంపెనీలో వాటా 2 నుంచి 9.5 శాతం. పూర్తి జీతం తీసుకుంటున్న అధ్యాపకుల వాటాలోంచి సంస్థ 20 శాతానికి మించి తీసుకోకూడదు, అదీ 9.5 శాతం పరిమితికి లోబడే. విశ్వవిద్యాలయ చట్టం వాటాలు ఉంచుకోనివ్వకపోతే కంపెనీల చట్టం 8వ సెక్షను కింద లాభాపేక్ష లేకుండా ఏర్పడిన ఇన్‌క్యుబేటరు కంపెనీ పేరున ఉంచవచ్చు. నాలుగో ఐదో అని నెలల తరబడి బేరమాడే ఆర్థిక విభాగాలకు, స్టాన్‌ఫర్డ్ గూగుల్‌లో ఉంచుకున్న కొద్దిపాటి వాటాను అమ్మి 33 కోట్ల డాలర్లకు పైగా సంపాదించిందని గుర్తు చేయవచ్చు. అలాంటిది అరుదన్న మాట కూడా అదే వాక్యంలో చెప్పాలి.

డబ్బు ఏ వరుసలో

కంపెనీ పుట్టక ముందే నమూనా వస్తువు కోసం వ్యక్తులకు కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ వారి నిధి ప్రయాస్ పథకం కింద 10 లక్షల రూపాయల వరకు దొరుకుతుంది. జీవసాంకేతికతకు సంబంధించినదైతే ఆ రంగానికి చేయూతనిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ వారి బిగ్ గ్రాంటు 50 లక్షల వరకు ఉంటుంది. జీనోమ్ వ్యాలీలోని ఐకేపీ నాలెడ్జ్ పార్కు దాని భాగస్వాముల్లో ఒకటి. 2021లో నాలుగేళ్ల కాలానికి మొదలైన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పథకం నమూనా దశకు 20 లక్షల వరకు గ్రాంటు ఇచ్చేలా రూపొందింది, ఇప్పుడు అది తెరిచి ఉందో లేదో చూసుకోవాలి. అయితే దాని షరతులు చూడండి: దరఖాస్తు నాటికి కంపెనీ ఏర్పడి రెండేళ్లు దాటకూడదు, ఇతర ప్రభుత్వ పథకాల కింద 10 లక్షలకు మించి ధనసహాయం పొంది ఉండకూడదు. అంటే తొందరపడి కంపెనీని నమోదు చేసినవారికి ప్రయోగశాలలోనే ఆ రెండేళ్లు కరిగిపోతాయి. ముందు బిగ్ గ్రాంటు తీసుకున్నవారికి ఈ తలుపు మూసుకుపోతుంది. షరతులు మారుతుంటాయి కాబట్టి, దరఖాస్తు నాటి మార్గదర్శకాలను ముందు పెట్టుకుని, ఏ డబ్బు ఏ నెలలో అన్నది ఒక పేజీలో రాసి ఆవిష్కర్త చేతికివ్వండి.

చివరగా మీ కార్యాలయం గురించి. లైసెన్సు ఫైలు రిజిస్ట్రార్, ఫైనాన్స్ ఆఫీసర్, న్యాయ సలహాదారు బల్లల మీదుగా తిరిగి పాలక మండలి సమావేశం కోసం ఎదురుచూసేలోపు ఆ 30 నెలల్లో సగం పోతాయి. ఒక ప్రామాణిక ఒప్పంద నమూనాను పాలక మండలి చేత ఒక్కసారి ఆమోదింపజేసి, ఆ నమూనాకు లోబడిన లైసెన్సుల మీద సంతకం చేసే అధికారాన్ని ఒక డీన్‌కు అప్పగించండి. లైసెన్సు ఇచ్చాక ఏడాదికి రెండుసార్లు మజిలీలను సరిచూసి, ముందుకు సాగని సంస్థ నుంచి హక్కును మర్యాదగా వెనక్కి తీసుకుని, అడిగే మరొకరికి ఇవ్వండి.